మా నాయన పాస్ చేసిన గేరు బాక్స్

దీపావళి నాడు మా పుట్టింటి వాకిట్లో ఎవరింటి పిల్లలో పెట్టిన పెద్ద టపాకాయ మా నాయన కాళ్ళకు రెండు బారల దూరంలో పేలింది. లోపల వంటింట్లో ఉన్న నేను ఉలిక్కిపడి గరిటె కింద పడేశాను. అరుగు మీద కూర్చున్న ఆయన మాత్రం తల కూడా తిప్పకుండా పేపరు చదువుకుంటున్నాడు. పొగ వచ్చి ముక్కుకు తగిలాకనే తలెత్తి, "ఎవురప్పా ఈడ కాల్చింది?" అని అడిగాడు. మా నాయనకు చెవులు వినబడడం లేదని నాకు ఆ రోజు తెలిసింది.

ఇంకో మనిషికైతే వయసయ్యింది, చెవులు మందగించాయి అని ఊరుకోవచ్చు. మా నాయన గేరు బాక్సుల మేస్త్రీ. హోసూరులో బాగలూరు రోడ్డు మీద షెడ్డు పెట్టి నలభై ఏళ్ళు కావస్తోంది. ఆయన దగ్గర మూరెడు పొడవు ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. ఇంజను ఆన్ చేయించి, కడ్డీ ఒక కొసను గేరు బాక్సు మీద ఆనించి, రెండో కొసను చెవిలో పెట్టుకుంటాడు. లోపల ఏ బేరింగు అరుస్తోందో, ఏ పన్ను అరిగిందో విప్పకుండానే చెప్పేస్తాడు. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా పాత లారీ కొనేవాడు ఎవడైనా సరే ముందు మా షెడ్డుకు వచ్చేవాడు. "బాక్స్ బాగుండాది" అని మా నాయన అన్నాడంటే ఇక ఆ బండిని ఇంకెవరికీ చూపించేవారు కాదు.

ఆయన తన చెవుల సంగతి ఒప్పుకోలేదు. ఈ కాలం వాళ్ళందరూ గొణుగుతారు, నోరు తెరిచి మాట్లాడరు అని తిట్టేవాడు. పెళ్ళయి పక్కనే మత్తిగిరిలో ఉన్నా రోజూ షెడ్డుకు అన్నం పట్టుకుపోయే నేను ఆయన అబద్ధానికి వత్తాసు. షెడ్డుకు ఎవరైనా వచ్చి "మూడో గేరులో శబ్దం వస్తా ఉండాది మేస్త్రీ" అంటే, నేను టీ గ్లాసులు పట్టుకుని మధ్యలోకి వెళ్ళి, "మూడో గేరులో శబ్దమంట నాయనా, బేరింగు పోయిందేమో కదా?" అని ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి అడిగేదాన్ని. ఆయన నా పెదవులు చూసి జవాబు చెప్పేవాడు. వచ్చినవాళ్ళు, మేస్త్రీ కూతురికి నోరెక్కువ అనుకుని వెళ్ళిపోయేవారు. షెడ్డులోకి వచ్చిన బాక్సుల వల్ల ఎవరికీ నష్టం రాలేదు, ఎందుకంటే వాటిని విప్పుతాడు. విప్పాక ఆయన కళ్ళు చూసుకుంటాయి, వేళ్ళు చూసుకుంటాయి. విప్పకుండా చెప్పాల్సి వచ్చినప్పుడు ఏమవుతుందో అన్న ఆలోచన నాకు వచ్చింది. వచ్చినా దాన్ని పక్కకు నెట్టేశాను.

సంక్రాంతి దాటిన నెలలో ఆ రోజు రానే వచ్చింది, అదీ మా ఇంటికే.

మా ఆయన నాకు మేనబావ, మా మేనత్త కొడుకు. పద్దెనిమిదేళ్ళుగా వేరేవాళ్ళ ట్రైలర్ బండ్లు తోలుతున్నాడు. కృష్ణగిరి చుట్టుపక్కల క్వారీల నుంచి గదంత గ్రానైట్ రాళ్ళు ఎక్కించుకుని పాలిష్ ఫ్యాక్టరీలకూ, చెన్నై హార్బరుకూ తీసుకుపోతాడు, మామను తీరిగ్గా కలిసేది తక్కువ. ఇన్నేళ్ళకు సొంతంగా ఒక పాత ట్రైలర్ బండి కొనుక్కోవాలని నిశ్చయించాడు. ఇంటర్నెట్‌లో చూశాడు, డ్రైవర్లను అడిగాడు, పది యార్డులు తిరిగాడు. చివరికి ఒక్కటే మాట: "మామ చెవి పెట్టి సరే అంటే చాలు, కండ్లు మూసుకుని కొంటాను." గేరు వెయ్యడం ఆయనకు నేర్పిందే మా నాయన. మామ మాట ఆయనకు దేవుడి మాట.

నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. మత్తిగిరిలో మా ఇంట్లో అన్నం వడ్డిస్తూ ఒకసారి, బట్టలు మడత పెడుతూ ఒకసారి, నోటి దాకా వచ్చిన మాటను మింగేశాను. చెబితే మా ఆయన బయట ఎవరికీ చెప్పడు, నాకు తెలుసు. కానీ ఆ రోజు నుంచి మామను జాలిగా చూస్తాడు. మా నాయనను ఎవరైనా జాలిగా చూడడం నేను భరించలేను. పైగా, ఏమో, ఆ బండి మంచిదే అయ్యుండొచ్చు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అంత బుద్ధి తక్కువ పని నా జన్మలో ఇంకొకటి చేయలేదు.

శుక్రవారం పొద్దున ముగ్గురం బస్సెక్కాం. మా వైపు బండి కొన్నా, ఎద్దులు కొన్నా, బేరం కుదిరాక కొనేవాళ్ళింటి ఆడమనిషి ఆకువక్క ఇవ్వాలి. తమలపాకులూ వక్కలూ చేతులు మారాయంటే బేరం అయిపోయినట్టే, ఆ తర్వాత ఎవరూ వెనక్కి తగ్గరు. స్టాంపు పేపరు మీద సంతకం చేసినవాడైనా మాట మారుస్తాడేమో గానీ ఆకువక్క ఇచ్చినవాడు మార్చడు. అందుకే నేనూ వెళ్ళాను. సంచిలో ఒక కట్ట ఆకులు, గుప్పెడు వక్కలు. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం మొదలవుతుంది కాబట్టి దానికి ముందే అన్నీ ముగించాలని మా ఆయన తొందర.

యార్డు సూళగిరి దాటాక, మేలుమలై దిగుడు మొదలయ్యే ముందు హైవే పక్కనే ఉంది. ఆ రోడ్డు తెలిసినవాళ్ళకు మేలుమలై గురించి చెప్పనక్కర్లేదు. హోసూరు గడ్డ మీది నుంచి కృష్ణగిరి పల్లానికి రోడ్డు అక్కడ వంపు తిరుగుతూ దిగుతుంది. బరువు బండి అక్కడ దిగాలంటే బ్రేకు ఒక్కటే చాలదు. చిన్న గేరులో పెట్టి, ఇంజనే బండిని వెనక్కి పట్టి లాగేలా దిగాలి. గేరు గనక జారి న్యూట్రల్‌లోకి వచ్చిందంటే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. వెనకున్న రాయి బండిని తోసుకుంటూ పోతుంది. మా ఆయన వారానికి నాలుగుసార్లు దిగే దారి అది.

ట్రైలర్‌ను లాగే ముందు బండి అది, చూడ్డానికి బాగుంది. ఆరు సిలిండర్ల ఇంజను, తొమ్మిది గేర్ల బాక్సు, కొత్తగా వేసిన నీలం రంగు. మా నాయన ముందు ఇంజను మీద అరచెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూశాడు. మనం రాకముందే వేడి చేసి పెట్టి ఉంటే పొద్దున స్టార్టు కాని రోగం బయటపడదు. చల్లగానే ఉంది. స్టార్టు చేయించాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ గొట్టం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి వాసన చూశాడు. ఆయిల్ మూత తీసి లోపలి నుంచి పొగ ఎగదన్నుతోందేమో చూశాడు. "ఇంజను బంగారం" అన్నాడు. కళ్ళతో, ముక్కుతో, చేతితో చూసే పని కాబట్టి ఆ మాటను నేను నమ్మాను.

తర్వాత సంచిలోంచి కడ్డీ తీశాడు. యార్డు ఓనరు, ఇద్దరు బ్రోకర్లు, కోలారు వైపు నుంచి బండి కొనడానికి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు, అందరూ చుట్టూ మూగారు. మా నాయన పని చేస్తుంటే చూడడం వాళ్ళకు ముచ్చట. ఆయన వెనక చక్రాలను జాకీల మీద లేపించి, బండి కిందికి దూరి, కడ్డీ ఆనించి, చెవిలో పెట్టుకున్నాడు. మా ఆయన క్యాబిన్‌లో కూర్చుని ఒక్కో గేరూ మార్చాడు.

నేను మా నాయన ముఖాన్నే చూస్తున్నాను. చిన్నప్పటి నుంచి ఆ ముఖం నాకు తెలుసు. లోపల ఏదైనా తేడా వినిపిస్తే ఎడమ కన్ను కొంచెం మూసుకునేది, పెదవి పక్కకు లాగినట్టయ్యేది. ఆ రోజు ఆ ముఖంలో ఏమీ లేదు. రావాల్సిన బస్సు కోసం ఎదురుచూస్తున్న మనిషి ముఖంలా ఉంది. ఎంతసేపు వినాలో అంతసేపూ ఉండి, తల ఊపి, బయటికి వచ్చాడు.

"బాక్స్ బాగుండాది" అన్నాడు.

ఏం చేయాలో తోచక, క్యాబిన్ చూస్తానని నిచ్చెన మెట్లు పట్టుకుని పైకెక్కాను. సీటు అంచు కింద, గేరు రాడ్డుకు సరిగ్గా వెనక, ఒక ఇనుప కొక్కెం స్క్రూలతో బిగించి ఉంది. దాని చుట్టూ రంగు లేచిపోయి నల్లటి రబ్బరు చారలు. అలాంటి కొక్కేలను మా షెడ్డులో ఎన్నో చూశాను. గేరు జారే బండికి డ్రైవర్లు చేసుకునే వైద్యం అది. పాత ట్యూబు ముక్క కోసి, గేరు రాడ్డును వెనక్కి లాగి ఆ కొక్కేనికి కడతారు. ట్యూబు పట్టుకున్నంత కాలం గేరు నిలుస్తుంది.

కిందికి దిగి యార్డు ఓనరును అడిగాను. ఆయన నవ్వాడు.

"అది నీళ్ళ బాటిల్ తగిలించుకునేదమ్మా. డ్రైవర్లకు దప్పిక కాదా?"

సీటు కింద, గేరు రాడ్డు వెనక, కాళ్ళ మధ్య వేలాడే నీళ్ళ బాటిల్ నేనెక్కడా చూడలేదు. మా ఆయనను పక్కకు పిలిచి కొక్కెం సంగతి చెప్పాను.

"మామ విన్నాడు కదే. బాక్స్ బాగుండాదన్నాడు కదా. పాత బండిలో పాత కొక్కెం ఉండక ఏముంటాది?" అన్నాడు.

మామ వినలేదు అన్న రెండు మాటలు నా నాలుక చివర ఉన్నాయి. మా నాయన అటు బ్రోకర్ల మధ్య నిలబడి, చేతులకు అంటిన గ్రీజు తుడుచుకుంటూ ఏదో చెబుతున్నాడు. వాళ్ళు వంగి వింటున్నారు. నేను ఆ మాటలు అనలేకపోయాను.

"పది దాటింది. రాహుకాలం వస్తా ఉండాది. ఆకువక్క తియ్యమ్మా" అన్నాడు ఓనరు.

సంచి నా చేతిలోనే ఉంది. ఆకువక్క ఇవ్వాల్సింది నేనే. ఆ క్షణంలో నాకు తోచింది అదొక్కటే. ఆకులు తీసి చూసి, "అయ్యో, అంతా దుమ్ము. ఇట్లా ఎట్లిచ్చేది? కడుక్కొస్తాను" అని యార్డు మూలనున్న కుళాయి దగ్గరికి పోయాను.

ఆకులు కడగడానికి ఎంతసేపు పడుతుంది? నేను ఒక్కో ఆకునూ ముందూ వెనకా తిప్పి కడిగాను. తొడిమలు గిల్లాను. ఈనెల మధ్య వేలితో రుద్దాను. కడిగిన ఆకులను వరసగా కొంగు మీద పరిచి, ఒకటి కింద పడేసి, మళ్ళీ మొదటి నుంచి కడిగాను. ఓనరు రెండుసార్లు పిలిచాడు. "వస్తినన్నా, వస్తిని" అన్నాను. మా ఆయన పళ్ళు కొరుకుతూ వచ్చాడు.

"ఏమే, ఆకులు కడగతా ఉండావా, బట్టలు ఉతకతా ఉండావా? టైము చూస్తివా?"

"ఒక్క నిమిషం బావా. వక్కలు కూడా కడగల్ల."

"వక్కలు కడిగేవాళ్ళను నేను యాడా చూడలేదు!"

నేనూ చూడలేదు. అయినా కడిగాను. కుళాయి కట్టేసి లేచేసరికి ఆయన సెల్‌ఫోన్‌లో పదీ ముప్పై రెండు.

మా ఆయన రాహుకాలంలో గడ్డం కూడా గీసుకోడు. ఓనరు విసుగ్గా భుజం మీది టవలు తీసి కుర్చీ మీద కొట్టాడు. "సరేమ్మా, ఇంక పన్నెండు దాకా కూసోండి. టీ తాగండి" అన్నాడు. నాకు గంటన్నర దొరికింది. రాహుకాలం మీద నాకు నమ్మకం ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను, కానీ ఆ రోజు మాత్రం దానికి దండం పెట్టుకున్నాను.

యార్డు గేటు పక్కన ఒక ట్రైలర్ మీద పెద్ద గ్రానైట్ రాయి గొలుసులతో కట్టి ఉంది. కృష్ణగిరి దగ్గర పాలిష్ ఫ్యాక్టరీకి పోవాల్సిన రాయి, లాగే బండి కోసం ఆగి ఉందని బ్రోకరు అంతకుముందే చెప్పాడు. నేను ఓనరు దగ్గరికి వెళ్ళాను.

"అన్నా, ఆ రాయి ఎట్లైనా పోవల్ల కదా. ఈ బండికే తగిలించి మా బావ తోలుకుపోయి దించేసి వస్తాడు. మీకు డ్రైవర్ కూలి మిగులుతాది. మేము కూడా బరువులో బండి చూసినట్లయితాది."

ఓనరు ముఖం మారింది. "మేస్త్రీ పాస్ చేసినాక ఇంకేం చూసేదమ్మా? మీ నాయన మీదే నమ్మకం లేదా నీకు?" అన్నాడు. ఆ బండి రోగం ఆయనకు తెలుసో తెలియదో నాకు ఈ రోజుకూ తెలియదు. ఆయన మాటకు చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా ఆయన సిగ్గుతో తల దించుకున్నాడు. కానీ కోలారు అన్నదమ్ముల్లో పెద్దవాడు, "పోనీ బిడప్పా, తోలనీ. బండి మంచిదైతే భయమేంటికి?" అన్నాడు. కొనేవాళ్ళ ముందు ఓనరు ఇక కాదనలేకపోయాడు.

రాహుకాలంలో బయల్దేరడానికి మా ఆయన ఒప్పుకోలేదు. రాయి వాళ్ళది, బండి వాళ్ళది, మనకేం అంటుకోదు అని నేను గట్టిగా అన్నాను. ఆయన నా వైపు ఒక చూపు చూసి స్టీరింగ్ ఎక్కాడు. మా నాయన ఎడమ సీట్లో కూర్చున్నాడు. వెనక పడుకునే బల్ల మీద నేను.

చదును రోడ్డు మీద బండి హాయిగా పోయింది. మా నాయన మంచి హుషారులో ఉన్నాడు. చిన్నప్పుడు తను గేరు బాక్సు భుజం మీద మోసిన కథ మొదలుపెట్టాడు. దిగుడు మొదలయ్యే చోట మా ఆయన ఐదో గేరుకు వచ్చి, ఇంజను బ్రేకు వేశాడు. బుస్సుమని శబ్దం వచ్చి బండి ఒళ్ళు దగ్గర పెట్టుకున్నట్టు నెమ్మదించింది. ముందు ఒక టౌన్ బస్సు, కిటికీల నిండా జనం. మొదటి వంపు తిరిగాం.

రాయి బరువు వెనక నుంచి తోసింది. టక్కుమని గేరు రాడ్డు నడిమికి వచ్చి నిలబడింది. ఇంజను శబ్దం ఒక్కసారిగా పడిపోయింది. టైర్ల హోరు తప్ప ఏమీ వినిపించలేదు. బండి బస్సు వైపు దూసుకుపోతోంది.

"చూస్తివా అల్లుడా" అన్నాడు మా నాయన, ముందరి అద్దంలోంచి రోడ్డు చూస్తూ, "ఎంత మెత్తగా పోతాదో. బాక్స్ అంటే ఇట్లుండల్ల."

అంత నెమ్మదైన, సంతోషమైన గొంతు ఆయన నోటి నుంచి నేను ఎన్నో నెలలుగా వినలేదు.

మా ఆయన బ్రేకు తొక్కి పట్టి, ఇంజను రేసు చేసి మళ్ళీ గేరు వేశాడు. రెండు క్షణాలు నిలిచి మళ్ళీ జారింది. హారను మీద చెయ్యి తియ్యకుండా, "మామా, రాడ్డు పట్టుకో! పట్టుకో మామా!" అని అరిచాడు. మా నాయన అప్పటికీ రోడ్డు వైపే చూస్తూ కథలోని బాక్సు బరువు చెబుతున్నాడు. మా ఆయన తల తిప్పి ఆయన్ను చూశాడు. ఆ ఒక్క చూపులో మా ఆయనకు అంతా అర్థమైంది. అద్దంలో నన్ను చూశాడు.

నేను బల్ల మీది నుంచి ముందుకు పడి, సీట్ల మధ్య మోకాళ్ళ మీద కూర్చున్నాను. మా ఆయన మూడోసారి గేరు వేశాడు. నేను రెండు చేతులతో రాడ్డును పట్టుకుని ఒళ్ళంతా వెనక్కి వేసి లాగాను. తాడు తెంపుకోబోయే కోడెదూడలా అది చేతుల్లో కొట్టుకుంది. ఇంజను మూలిగింది, బండిని పట్టింది. బస్సు వెనకద్దంలోంచి ఒక ముసలామె మమ్మల్నే చూస్తోంది. ఆమె ముక్కుపుడక కనబడేంత దగ్గరికి పోయాం. అక్కడి నుంచి బస్సు కొంచెం కొంచెంగా దూరం జరిగింది. వంపు తర్వాత వంపు, పల్లం దిగే దాకా నేను ఆ రాడ్డు వదల్లేదు. ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు. చెప్పి ఉంటే అయిపోయేది కదా, చెప్పి ఉంటే అయిపోయేది కదా అని అదొక్కటే అనుకున్నాను.

కింద చదునులో మా ఆయన బండిని ఎడమ పక్కకు తీసి ఆపాడు. చాలాసేపు స్టీరింగ్ మీద నుంచి చేతులు తియ్యలేదు.

మా నాయన నా చేతులను చూశాడు. గేరు రాడ్డును చూశాడు. కాలిన బ్రేకుల వాసన క్యాబిన్‌లోకి వచ్చింది. ఆ వాసన ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కిందికి దిగి, పొగలు వస్తున్న చక్రాలను ఒక్కొక్కటే చూసుకుంటూ ట్రైలర్ చుట్టూ తిరిగి వచ్చి, రోడ్డు అంచున కూర్చున్నాడు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మా ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

బ్రేకులు చల్లారాక రాయిని ఫ్యాక్టరీలో దించి, ఖాళీ ట్రైలర్‌తో యార్డుకు తిరిగి వచ్చాం. పన్నెండు ఎప్పుడో దాటిపోయింది. అందరూ మా కోసమే కాచుకుని ఉన్నారు.

"గేరు జారతా ఉండాదన్నా. దిగుడులో మూడుసార్లు జారింది. మాకొద్దు" అన్నాడు మా ఆయన.

ఓనరుకు కోపం వచ్చింది. "ఏమప్పా, బేరం తగ్గించేదానికి నాటకమా? మీ మామ కడ్డీ పెట్టి విని, ఇందరి ముందర బాగుండాదన్నాడు కదా. నీకు గేరు వెయ్యను రాకుంటే బండిదా తప్పు?"

కోలారు పెద్దాయన మా ఆయన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "మేస్త్రీ చెప్పినాక నాకింకెవుడి మాటా అక్కర్లేదు. వీళ్ళకొద్దంటే నేను తీసుకుంటానప్పా" అని, వాళ్ళ వైపు మగవాళ్ళే ఇస్తారేమో, తన సంచిలోంచి ఆకులు తీశాడు. బండి తోలబోయేది ఆయన తమ్ముడు. పాతికేళ్ళుంటాయేమో, అప్పటికే నీలం రంగు తలుపు మీద చెయ్యి వేసి ముచ్చటగా నిమురుతున్నాడు.

మా ఆయన నోరు తెరిచి నా వైపు చూశాడు. మామ చెవుల సంగతి చెప్పాలంటే నేను చెప్పాలి, లేదా చెప్పమని నేను తల ఊపాలి. నేను నేల చూశాను. దిగుడులో అంత జరిగాక కూడా నేల చూశాను.

మా నాయనకు ఆ మాటల్లో ఒక్కటీ వినబడి ఉండదు. ఆకులు మాత్రం కనబడ్డాయి. నడుచుకుంటూ వెళ్ళి, ఆకులు పట్టుకున్న ఆ చేతి మీద తన చెయ్యి పెట్టి కిందికి దించాడు.

"ఇయ్యొద్దప్పా" అన్నాడు. వినబడని మనిషి గొంతు కదా, యార్డంతా మోగింది. "పొద్దున నేను విన్లేదు. విన్నట్ల తల ఊపినాను. నాకు చెవులు పోయినాయి. ఈ బాక్స్‌లో గేరు నిల్చదు. మా అల్లుడు చెప్పింది నిజం."

ఓనరు కుర్చీలో కూలబడ్డాడు. కోలారు పెద్దాయన ఆకులు సంచిలో పెట్టుకుని, తమ్ముడి భుజం పట్టుకుని బండి దగ్గర నుంచి ఇవతలికి తీసుకొచ్చాడు. మా నాయన అందరికీ ఒకసారి చేతులు జోడించి, గేటు వైపు నడిచాడు. ఆ నడకను చూస్తుంటే నాకు ఏడుపు వచ్చింది. గర్వం కూడా వచ్చింది, దాని వెంటే నా మీద నాకు అసహ్యం వచ్చింది.

హోసూరు బస్సులో జనం ఎక్కువ. మా ఆయనకు ముందు రెండు సీట్ల అవతల చోటు దొరికింది. నేనూ మా నాయనా పక్కపక్కన కూర్చున్నాం. సూళగిరి దాకా ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నీకు ముందే తెలుసు కదమ్మా?" అన్నాడు. బస్సులో సగం మంది తిరిగి చూశారు.

నేను తల ఊపాను. అది ఆయనకు చాల్లేదు. "ఎప్పటి నుంచి?"

మెల్లగా చెప్పాను. వినబడలేదు. ఇన్ని నెలలూ ఆయన నా పెదవులు చూసి అర్థం చేసుకునేలా నెమ్మదిగా, ఎవరికీ అనుమానం రాకుండా మాట్లాడిన దాన్ని, ఆ బస్సులో, ఆ జనంలో, గొంతెత్తి అరిచాను.

"దీపావళి నుంచి తెలుసు నాయనా!"

"మరి చెప్పలేదేల? వాడు తోలే బండి కదమ్మా అది!"

"నీ పేరు పోతాదని నాయనా!"

కండక్టరు టిక్కెట్లు చింపడం ఆపి మమ్మల్ని చూస్తున్నాడు. మా నాయన నా ఒళ్ళోని సంచి వైపు చూశాడు.

"ఆకులు అందుకే కడిగినావా?"

"అవును!"

"ఆ రాయి ఆడ లేకుంటే ఏం చేస్తా ఉంటివి? పన్నెండు అయినాక ఆకువక్క ఇచ్చేస్తా ఉంటివా?"

మా నాయన నా పెదవులనే చూస్తూ కాచుకున్నాడు. ముందు రెండు సీట్ల అవతల మా ఆయన కూడా వెనక్కి తిరిగి కాచుకున్నాడు.